జవాబు వచ్చేదాకా తిరిగిన టేపు

మా లెక్కల సారు పోయారు. సంతకు పోయి వచ్చిన తమ్ముడు సంచి కింద పెడుతూ, "అక్కా, మీ లెక్కల సారు పోయిన్రట. ఆయన అన్న కొడుకులొచ్చి ఆళ్ల ఊరు న్యాల్‌కల్ తీస్కపోయిన్రు. మొన్ననే అంతా అయిపోయిందంట" అన్నాడు. చివరిచూపుకు కూడా నోచుకోలేదు. నాతో చదువుకున్నవాళ్లెవరూ ఇప్పుడు జహీరాబాదులో లేరు. ఆయన గురించి ఎవరితోనైనా మాట్లాడాలని ప్రాణం కొట్టుకుంటోంది. అందుకే మీకు చెప్పుకుంటున్నాను.

మా బడికి ఒక పెద్ద టేపురికార్డరు ఉండేది. శనివారం మధ్యాహ్నం సారు దాన్ని తువ్వాలలో చుట్టి, చంటిపిల్లను ఎత్తుకున్నట్టు క్లాసుకు తెచ్చేవారు. బొత్తాం నొక్కగానే, ఆయన ఇంట్లో చేసుకొచ్చిన టేపులో మొగుడంపల్లి నుంచి అల్లం బస్తాల బండి బయలుదేరేది. ఎడ్ల నడకేమో రెండు కొబ్బరిచిప్పలు, గుంతలో పడి జారే బస్తాలేమో తలగడ మీద సారు గుద్దిన గుద్దులు. బేరమాడే ముసలమ్మా ఆయనే, విసుక్కునే బండివాడూ ఆయనే. బండికి ఎన్ని బస్తాలెత్తారో చెప్పేవారు గానీ, ఎన్ని పడ్డాయో చెప్పేవారు కాదు, చప్పుడు విని మేమే పట్టుకోవాలి. కొత్త చప్పుడేదైనా చెవిన పడితే చాలు, తింటున్న జొన్నరొట్టె చేత్తో పట్టుకునే వీధిలోకి వెళ్లిపోయే మనిషి.

"ఇగ బండిల ఎన్ని మిగిలినయ్, పిల్లలూ?" అని టేపు అడగగానే క్లాసంతా అరిచేది, నేను తప్ప. నాకు లెక్క తేలేసరికి బండి ఊరు దాటిపోయేది. ఆ ఏడు లెక్కల్లో తప్పితే బడి మాన్పిస్తానని నాన్న తేల్చి చెప్పేశాడు. ఆ సంగతి సారుకు ఎవరు చేరవేశారో! ఒకనాడు బడి విడిచాక నన్ను ఆపి మైకు ముందు కూర్చోబెట్టి, రికార్డు బొత్తాం నొక్కారు. బస్తాలు పడ్డాయి. లెక్క అడిగారు. నేను వేళ్లు మడుస్తూనే ఉన్నాను.

"సార్, టేపు ఒడుస్తది" అన్నాను, అయిపోవస్తున్న చుట్టను చూస్తూ.

"ఒడవనీ. నీకెందుకు ఫికర్? నువ్వు సోంచాయించు బిడ్డా" అని, నిదానంగా ఆలోచించుకోమన్నట్టు చెయ్యూపారు.

శనివారం ఆ టేపు వేస్తే, మా మాటల తర్వాత ఎంతకీ చప్పుడు లేదు. "సార్, మిషన్ ఖరాబైంది" అని పిల్లలు పకపకా నవ్వారు.

"ఖరాబ్ కాలే. ఆమె లెక్క చేస్తున్నది. జర ఊకోండ్రి" అన్నారు సారు.

చివరికి టేపులోంచి నా జవాబు వచ్చింది. సరైన జవాబే. ఆ తర్వాత ఆయన చేసిన ప్రతి టేపులోనూ ప్రశ్న వెనక అంత జాగా ఉండేది. ఆ జాగాలో కూర్చునే నేను లెక్కలు నేర్చుకున్నాను. పరీక్ష గట్టెక్కాను. నాన్న మళ్లీ మాన్పించే మాట ఎత్తలేదు.

సారుకు పిల్లల్లేరు. భార్య ఎప్పుడో కాలం చేసింది. రిటైరయ్యాక బడివాళ్లు ఆ టేపుల ఊసే మరిచిపోయారు. పోయిన ఎండాకాలం ఆయన్ను చూడబోయాను. తలుపు తీసే ఉంది. నాకు వీపు పెట్టి, చిన్న క్యాసెట్ రికార్డరు ముందు కూర్చుని, "బండిల పది బస్తాలు" అని తలగడను ఆరుసార్లు గుద్దారు. "ఇగ ఎన్ని మిగిలినయ్, పిల్లలూ?" అని అడిగి ఆగారు. గదిలో ఒక మంచం, ఒక కుండ, అంతే. ఉండబట్టలేక గడపలోంచే, "నాలుగు, సార్" అన్నాను.

వెనక్కి తిరిగి నన్ను చూశారు. ముఖమంతా నవ్వు. అంతలోనే పెదవుల మీద వేలు పెట్టి, మాట్లాడవద్దని సైగ చేశారు. మళ్లీ మైకువైపు తిరిగి, ఇంకా జవాబు తేలని పిల్లల కోసం ఎదురుచూస్తూ కూర్చున్నారు.