గ్రానైట్ బండ మీద కొబ్బరికాయ

తొంభైల చివర్లో గడ్డపోతారంలోని ఒక మందుల కంపెనీ పరిశోధన విభాగానికి నన్ను సీనియర్ సైంటిస్టుగా వేశారు. మాది సంగారెడ్డే కాబట్టి కంపెనీ బస్సులో వచ్చిపోయేదాన్ని. ఒక ప్రోటీన్‌ను స్ఫటికంగా పెంచడం నా పని. స్ఫటికం పెద్దదిగా, తీరుగా పెరిగితే ఎక్స్‌రేతో ఆ ప్రోటీన్ ఆకారం తెలుస్తుంది. ఆకారం తెలిస్తే దానికి సరిపడే మందు వెతకవచ్చు.

నేల మీద స్ఫటికం పెరిగేటప్పుడు దాని చుట్టూ ద్రవం పలచబడి పైకి లేస్తుంది. ఆ కదలికకు అణువులు సరిగ్గా కుదురుకోవు. బరువు తెలియని అంతరిక్షంలో ఆ బెడద తక్కువ. అందుకని ఏళ్ల తరబడి శుద్ధి చేసిన ప్రోటీన్‌లో సగం ఒక విదేశీ వ్యోమనౌకలో పంపాం. మిగతా సగం అదే రోజుల్లో మా ల్యాబ్‌లో పెరగాలి. రెండూ పక్కపక్కన పెట్టి చూస్తేనే తేడా అంతరిక్షం వల్ల వచ్చిందని చెప్పగలం. మా దగ్గర ఇంకో చుక్క లేదు.

నా శత్రువు గోడ అవతలి కంప్రెషర్. దాని అదురు తగలకుండా స్ఫటికాల పెట్టెను మందపాటి గ్రానైట్ బండ మీద పెట్టించాను. అదృష్టం కొద్దీ నౌక ఎగిరిన వారమే దసరా వచ్చింది. ఆయుధపూజకు మెషీన్లన్నీ బంద్. మెషీన్ల బాగోగులు చూసే యుటిలిటీ సూపర్‌వైజర్ మల్లేశం కంప్రెషర్‌కు బంతిపూల దండ వేశాడు. అబ్బ, ఆ నిశ్శబ్దం ఇప్పటికీ నా చెవుల్లో ఉంది!

భోంచేసి వచ్చేసరికి మల్లేశం నా చేతిలో కొబ్బరి ముక్క పెట్టాడు. కళ్లకద్దుకుని నోట్లో వేసుకున్నాను.

“మీ డబ్బకు గూడ పూజ చేసిన మేడం. అన్నిటికి బొట్టు పెట్టి దానికి పెట్టకుంటె ఎట్ల?”

“మల్లేశన్నా, కాయ ఏడ కొట్టినవ్?”

“గదే, దాని కింది బండకే. గట్టిగున్నది గద, ఒక్క దెబ్బకే పలిగింది. మంచి శకునం!”

కొబ్బరి నములుతూనే పెట్టె దగ్గరికి పరుగెత్తాను. మర్నాడు మైక్రోస్కోప్‌లో చూస్తే ఒక్క పెద్ద స్ఫటికం లేదు. ఆ అదురుకు అన్నీ ఒక్కసారే పుట్టి ఉప్మా రవ్వలా తయారయ్యాయి. నేను అప్పుడన్న మాటలు అచ్చుకు పనికిరావు.

“మీ పని మంచిగ కావాల్నని గద మేడం కొట్టిన,” అన్నాడు మల్లేశం.

అంతరిక్షం నుంచి వచ్చిన స్ఫటికాలు ముచ్చటగా ఉన్నాయి. కానీ ఆ గొప్ప అంతరిక్షానిదేనని రాయడానికి పోలిక ఏది? ప్రాజెక్టును అంతటితో ఆపేశారు.

మరుసటి దసరాకు మల్లేశం కొబ్బరికాయ పట్టుకుని గడప బయటే నిలబడ్డాడు. “ఏడ కొట్టమంటరు మేడం?” అన్నాడు. ఆ గదిలో అప్పటికి కాపాడుకోవాల్సిందేమీ లేదు. అయినా గేటు బయటికి చెయ్యి చూపించాను. ఇద్దరికీ నవ్వొచ్చింది.

ఆ తర్వాత ఏ ప్రయోగంలోనైనా, పోలిక కోసం ఉంచిన మామూలు నమూనానే ముందు కాపాడుకున్నాను. అది పోతే గొప్ప నమూనా చెప్పేది సగం మాటే.