గోడ మీంచి దించిన పడవ

అమెరికాలో, పిస్కాటవే అనే ఊళ్లో మేముండే వీధిలోనే ఒక అమెరికన్ పెద్దావిడ ఉండేది. ఆవిడ ఇల్లు డెబ్బై ఏళ్ల నాటిది. వాలు తక్కువ కప్పు, నేల దాకా అద్దాలు, హాల్లో ఒక గోడంతా తేనెరంగు చెక్క. ఒక్కతే ఉండలేక, చెల్లెలి దగ్గరికి వెళ్లిపోదామని ఆ ఇల్లు అమ్మకానికి పెట్టింది.

అమ్మిపెట్టే ఏజెంటు మన తెలుగమ్మాయే. కొనేవాళ్లు చూడడానికి వచ్చేలోపు ఇంటిని ముస్తాబు చేస్తారు, దాన్ని స్టేజింగ్ అంటారు. ఆ పనికి నన్ను సాయం తీసుకెళ్లేది. రంగుల విషయంలో నా కన్ను తప్పదని ఆ పిల్ల నమ్మకం. చీరకి జాకెట్టు గుడ్డ వెతికినట్టే కదా అనేదాన్ని.

ఆ హాల్లో ఫైర్‌ప్లేస్ పైన ఒక పెద్ద బొమ్మ ఉండేది. నీళ్ల మీద ఖాళీ పడవ, వెనక దిగిపోతున్న పొద్దు. పెద్దావిడే గీసింది, నలభయ్యో ఏట సాయంకాలం క్లాసులకి వెళ్లి నేర్చుకుని. "అది పడవలా కనిపించడానికే మూడు శీతాకాలాలు పట్టింది. మొదట్లో అచ్చం అరటిపండు" అని నవ్వేది. నా కోసం ఇంగ్లీషు నెమ్మదిగా, మాట మాట విడదీసి మాట్లాడేది.

ఏజెంటమ్మాయికి ఆ బొమ్మ తెగ నచ్చింది. "ఆంటీ, కలర్స్ అన్నీ దీంట్లోంచే తీసుకుందాం. ఆ ఆరెంజ్ ఫ్రంట్ డోర్‌కి, నీళ్లలో ఉన్న గ్రీన్ కుషన్స్‌కి. మిగతా గోడలు వైట్ చేసేద్దాం. చెక్కగోడ మాత్రం టచ్ చెయ్యొద్దు, ఈ టైప్ ఇళ్లకి అదే అందం" అంది. అలాగే చేశాం. నాలుగు రోజుల్లో ఆ ఇల్లు తలంటు పోసుకున్నట్టు తేటపడింది.

తీరా అంతా అయ్యాక నేను నోరు తెరిచాను. "చూడ్డానికి వచ్చేది సగం మనవాళ్లేనమ్మా. లోపలికి అడుగు పెట్టగానే ఎదురుగా మనిషి లేని పడవ, గుంకే పొద్దు. మా ఇంట్లో అయితే నేను పెట్టనివ్వను."

"మరీ అంత సీన్ ఉందా ఆంటీ?"

"నీకు తెలీదు. చూస్తున్నంతసేపు బాగుందంటారు, కారెక్కాక వద్దంటారు."

ఆ పిల్ల కాసేపు ఆలోచించి బొమ్మ దించి గరాజ్‌లో పెట్టింది. ఆ చోట స్టోర్లో తెచ్చిన బంగారు వలయాల బొమ్మ తగిలించాం.

మర్నాడు మేమిద్దరం అక్కడ ఉండగానే, అప్పటికే చెల్లెలింటికి మారిన పెద్దావిడ, స్వెట్టర్ మర్చిపోయానంటూ వచ్చింది. తలుపు రంగు చూసి మురిసిపోయింది. హాల్లోకి వచ్చి ఆగిపోయింది.

"నా పడవ ఏది?"

ఏజెంటమ్మాయి నా వైపు చూసింది. చెప్పాల్సింది నేను. చెప్పలేదు. "స్టేజింగ్ రూల్ అట. ఈ అమ్మాయికే తెలుసు" అన్నాను. ఎప్పుడూ తడబడే నా ఇంగ్లీషు ఆ అబద్ధానికి మాత్రం ఎక్కడా తడబడలేదు.

పెద్దావిడ ఆ పిల్లతో, "మొన్న నచ్చిందన్నావు. నచ్చకపోతే ఆ మాటే చెప్పొచ్చుగా, నేనేం ఏడవను" అంది. ఆ పిల్ల సారీ చెప్పింది. నా పేరు బయటపెట్టలేదు. పెద్దావిడ నా వైపు తిరిగి, "నువ్వొచ్చినప్పుడల్లా దాన్నే చూసేదానివి. నువ్వు తీసుకెళ్లు" అంది. చూసిన మాట నిజమే. ఎందుకు చూసేదాన్నో ఆవిడకేం తెలుసు.

బొమ్మ వెనక సీట్లో పెట్టుకుని బయల్దేరాం. "మీ హాల్లోనే పెడతారుగా ఆంటీ" అంది ఆ పిల్ల, రోడ్డు మీంచి చూపు తిప్పకుండా. నేను కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాను.

ఇంటికి తెచ్చి వాషింగ్ మెషీన్ వెనక, గోడ వైపు తిప్పి నిలబెట్టాను. పెద్దావిడ ఇల్లు వారంలోనే అమ్ముడుపోయింది. కొన్నది మనవాళ్లు కూడా కాదు. తర్వాత ఆవిడ ఫోన్ చేసి బొమ్మ ఎక్కడ పెట్టావని అడిగింది. హాల్లో అన్నాను. "అయితే ఆదివారం కాఫీకి వస్తాను" అంది.

ఆదివారం పొద్దున మా ఆయన చేత హాల్లో మేకు కొట్టించాను. "వద్దన్నదానివీ నువ్వే, కొట్టమన్నదానివీ నువ్వే" అని ఆయన సణిగారు. పెద్దావిడ వచ్చి బొమ్మకి ఎదురుగా కూర్చుంది. కాఫీ చల్లారుతున్నా పట్టించుకోకుండా దాన్నే చూస్తోంది. సంతోషంతో ఆవిడ మొహం వెలిగిపోతోంది. ఇక నా వల్ల కాలేదు. దించమన్నది నేనే, ఆ అమ్మాయి కాదు అని చెప్పేశాను. ఎందుకో కూడా చెప్పాను.

ఆవిడ బొమ్మ మీంచి చూపు తిప్పి నన్ను చూసింది.

"పడవా, పొద్దా? ఏది మంచిది కాదు?"

"రెండూ."

"నాకు చెప్పావు. మరి ఆ అమ్మాయికి చెప్పావా? నేనన్న మాట పడింది తను."

లేదన్నాను. ఆవిడ బల్ల మీదున్న నా ఫోన్ తీసి నా చేతిలో పెట్టింది.

ఆవిడ ఎదురుగానే ఆ పిల్లకి ఫోన్ చేశాను. "నా మూలంగా నువ్వు మాటపడ్డావమ్మా. ఆవిడకి నిజం చెప్పేశాను" అన్నాను.

"పర్లేదు ఆంటీ. డ్రైవింగ్‌లో ఉన్నా, తర్వాత కాల్ చేస్తా" అంది ఆ పిల్ల.

ఆ తర్వాత మా చుట్టుపక్కలే రెండు ఇళ్లకి స్టేజింగ్ చేసిందని విన్నాను. నన్ను పిలవలేదు. పిలిచినా ఏ మొహం పెట్టుకుని వెళ్లేదాన్నో నాకే తెలీదు.