నాయన వీపు మీది జిల్లా

మొన్న పాత ట్రంకుపెట్టె మూత ఎత్తగానే గొర్రెవాసన, కావిమన్ను వాసన కలిసి ముక్కుకు కొట్టినాయి. అడుగున నల్ల కంబళి, ఎలుకలు కొరికినంత పోగా మిగిలింది. చెయ్యి పెడితే ఆ గరుకుతోపాటు మా ధర్మవరం ఇల్లు, మగ్గం గుంతలో కాళ్లు దించుకొని కూర్చున్న నాయన, ఆయన ఒళ్లంతా రేగిన దద్దుర్లు, అన్నీ లేచి వచ్చినాయి.

నాయన పట్టుచీరలు నేసేవాడు. కొత్త పట్టు మగ్గమెక్కిన దినం సాయంత్రానికల్లా దద్దుర్లు లేసేవి. ఉత్త దద్దుర్లనుకునేరు! వాటి ఉబ్బుకు చొక్కా గుండీ ఎగిరి ఎదురింటి కోడిపుంజుకు తగిలిందని బడిలో చెప్తే సగంమంది నమ్మినారు. అమ్మ బెల్లంలో మిరియాలు దంచి మింగించేది. అవ్వ, అంటే నాయన తల్లి, కావిమన్ను అరగదీసి పూసేది. ఆఖరున కంబళితో వీపు రుద్దే పని నాది. ఎర్రటి పూత కింద ఉబ్బిన ఆ వీపు నాకు బడిగోడ మీది మా జిల్లా పటం మాదిరి, ఒక్కో దద్దురు ఒక్కో ఊరు మాదిరి కనపడేది.

"నాయనా, పామిడి కాడ రుద్దల్నా, యాడికి కాడనా?"

"గోరంట్ల కాడ మండుతాండాది రా. ఇంకా కిందికి... ఆ, ఆడ!"

బయట చెరువులన్నీ ఎండి నెర్రెలిచ్చినా, ఆ జిల్లాలో మాత్రం ఊరూరా చెరువు నిండి ఉండేది. నాయన నవ్వుతానే కండ్లు తుడుచుకునేవాడు.

ఏ తిండి పడక లేస్తాండాయో అని అవ్వ ఒక్కొక్కటే మాన్పిస్తా వచ్చింది. వంకాయ పోయింది. శనక్కాయలు పోయినాయి, మా సీమలో అవి మానడమంటే ఊపిరి మానినట్టే. ఉగాదినాడు ఇల్లంతా ఓళిగలు, అంటే బొబ్బట్లు, నేతిలో కాలే వాసనతో నిండితే, ఆయనొక్కడు చారన్నం తిని లేసినాడు. దద్దుర్లు మాత్రం పోలేదు.

"పట్టు పడదేమో అవ్వా" అన్నాను ఒకనాడు. నోటి మీద ఒకటిచ్చింది.

"కూడు పెట్టేదాన్నంటావేరా? నాలుక పడిపోతుంది!"

అమ్మ పొయ్యిలోకి ఇంకో పుల్ల తోసింది. సెంటు చేను లేనివాళ్లం. నాయన చేతిలో ఉన్నది ఆ విద్య ఒక్కటే.

ఆ ఏడు వానలు మొగం చాటేసినాయి. చీరలు కొనే దిక్కు లేక పట్టు రావడం ఆగిపోయింది. నాయన పార భుజాన వేసుకొని కరువుపనికి, చెరువు పూడిక తీయను పోయినాడు. తెగిన పోగును కంటికానకుండా అతికే వేళ్లు బొబ్బలెక్కి, చిట్లి, కొయ్యబారినాయి. ఒక సాయంత్రం అలవాటుకొద్దీ కంబళి తీసుకొని వెనక కూర్చున్నాను. దుమ్ము తుడిస్తే వీపు నున్నగా ఉండింది. ఒక్క ఊరు లేదు.

"యాడ రుద్దల్ల నాయనా?"

"యాడా వద్దులేరా."

దద్దుర్లు పోవాలని కనపడిన దేవుడికల్లా మొక్కిన అమ్మ, ఆ వీపు మీద అరచెయ్యి ఆనించి, కొంగు నోట్లో కుక్కుకొని ఏడ్చింది. అవ్వ నన్ను కొట్టిన చేతిని ఒళ్లో పెట్టుకొని చూసుకుంటా ఉండింది.

మళ్లీ వానలొచ్చినాయి, పట్టొచ్చింది. నాయన గుంతలోకి దిగినాడు. దద్దుర్లూ వచ్చినాయి. ఆ సాయంత్రం అవ్వ శనక్కాయలు వేయించి ఆయన ముందర పెట్టింది. మళ్లెప్పుడూ ఆయనకు ఏదీ మాన్పించలేదు.

ఇప్పుడు దద్దురు లేస్తే చిన్న మాత్ర చాలంటారు. మగ్గం గుంత పూడ్చి పైన బండలు పరిచినాము. నాయనా లేడు, అవ్వా లేదు. కంబళి దులిపితే కావిమన్ను ఇంకా ఎర్రగా రాలింది. గోరంట్ల మీదుగా బస్సులో పోయినప్పుడల్లా, కిటికీ చువ్వ మీద నా గోళ్లు వాటంతటవే గోకుతాయి.