రెడ్డెమ్మకు అన్న పంపిన చీర

కోవిడ్ ఆంక్షలు ఎత్తేసిన మరుసటి ఏడాది నన్ను కువైట్ సిటీ మిర్కాబ్‌లోని ఒక లాయర్ల ఆఫీసులో సీనియర్ అనువాదకుడిగా వేశారు. కోర్టులకు వెళ్లే తెలుగు, అరబ్బీ కాగితాలను ఇంగ్లీషు చేసి ముద్ర వేయడం, తప్పొస్తే తిట్లు తినడం నా ఉద్యోగం. రెడ్డెమ్మ ఫైలు ఆ ఏడే వచ్చింది.

ఆమెది అన్నమయ్య జిల్లా. వేరే కులం వాడైన ఓబులేసును పెళ్లి చేసుకుందని ఆమె అన్న అతణ్ణి కత్తితో పొడిచాడు. బతికి బయటపడి ఇద్దరూ కువైట్ చేరారు. ఆమెకు ఒక ఇంట్లో పని, అతనికి మంగఫ్‌లో కంపెనీ కూలి. అక్కడ ఉండటానికిచ్చే అనుమతి ఇఖామా. అతనిది గడువు దగ్గరపడింది. కంపెనీ పొడిగించనంది. ఊరికి పోతే అన్న వదలడని ఇద్దరూ ఒక ఐరోపా దేశాన్ని ఆశ్రయ వీసా అడిగారు. కాదన్నారు. ఆ దేశపు లాయరమ్మ అక్కడి కోర్టులో న్యాయసమీక్షకు వేసింది. అందులో కోర్టు వీసా ఇవ్వదు, కాదన్న అధికారి సరిగా ఆలోచించాడా అన్నదే చూస్తుంది.

ఆమె తర్జుమాకు పంపిన కాగితాల్లో తిరస్కరణ పత్రం చదువుతూ ఒకచోట ఆగాను. సోదరుడు ఇటీవల చీర కానుకగా పంపాడు కనుక కుటుంబ సంబంధాలు మెరుగుపడ్డాయట. ఊరినుంచి వచ్చేవాళ్ల చేతికి పొట్లాలు ఇచ్చి పంపడం మనవాళ్లకు మామూలే. అయినా పొడిచినవాడు చీర పంపడమేమిటి? ఫోన్ చేసి ఏం చీరమ్మా అని అడిగాను.

"తెల్లచీర సార్" అంది.

మా వైపు భర్త పోయిన ఆడదానికి కర్మ రోజున పుట్టింటివాళ్లు పెట్టే చీర అది. మొగుడు బతికుండగానే పంపాడు! చంపుతానని ఇంతకన్నా బాహాటంగా ఎవడు చెబుతాడు? దాన్ని కానుక అని రాశారు.

వీసా ఇంటర్వ్యూలో ఎందుకు చెప్పలేదని ఆమె మీదే కోప్పడ్డాను.

"తెల్లచీర పంపినాడని చెప్తి గదా సార్. అదేందో ఆ సారుకు తెలీదా? మొగుడు బతికుండంగా ఆ మాట నోటితో ఎట్ట అనేది?" అంది.

వచ్చీరాని హిందీలో ఆమె చెప్పినదాన్ని దుబాసీ ఇంగ్లీషు చేసేటప్పుడు రంగు జారిపోయింది. న్యాయసమీక్షలో కొత్త సాక్ష్యం సాధారణంగా తీసుకోరు. అదృష్టం కొద్దీ ఇంటర్వ్యూ రికార్డింగులో 'సఫేద్', అంటే తెలుపు, అన్న మాట ఉంది. దాన్ని పట్టుకుని, ఆ ఆచారం గురించి నేను ప్రమాణపత్రం రాసిచ్చాను. విచారించకుండా నిర్ణయించారని కోర్టు తిరస్కరణను కొట్టేసి, ఫైలును వేరే అధికారికి పంపింది. ఆఫీసంతా బక్లావా పంచాను.

కొత్త అధికారి ఫైలు తెరిచేలోపే ఓబులేసు ఇఖామా అయిపోయింది. ఖలాస్ అని కంపెనీ అతణ్ణి విమానం ఎక్కించింది.

వీసా ఇద్దరికీ వచ్చింది. ఆ సంగతి చెబుదామని ఫోన్ చేస్తే రెడ్డెమ్మ దాన్ని పక్కనున్న ఆవిడకు ఇచ్చేసింది. ఓబులేసును ఊరి బస్టాండులోనే నరికేశారని ఆవిడ చెప్పింది. రెడ్డెమ్మ ఒక్కతే వెళ్లింది.

న్యాయసమీక్షలో గెలిస్తే ఫైలు మళ్లీ మొదటికి వెళుతుంది, అంతే. ఈలోపు కువైట్‌లో ఉన్న మనిషిని కదలకుండా ఉంచే అధికారం ఆ కోర్టుకు లేదు. ఆ తర్వాత రిటైరయ్యేదాకా, నా బల్ల దగ్గరికి ఎవరొచ్చినా కథ వినకముందే ఇఖామా ఎప్పటివరకు ఉందో అడిగేవాణ్ణి.