మేడమ్ వండిన తుమ్మికూర

పోయిన నెల ఒక శుక్రవారం పొద్దున చిక్కడపల్లి మార్కెట్లో బోడకాకరకాయలు ఏరుతుంటే మేడమ్ వాళ్ల చెల్లెలు ఫోన్ చేశారు. "అక్క లేదు తమ్ముడూ. చాయ్ పెట్టుకుంటనని లేచింది, పొయ్యి దగ్గర్నే కూలబడ్డది" అన్నారు. కూరగాయలామె "ఎన్ని కిలోలు అన్నా?" అని రెండుసార్లు అడిగింది. ఏరిన కాయలు అక్కడే వదిలేసి వచ్చేశాను. మేడమ్ ఉంటే దానికి కూడా తిట్టేవారు.

ఆమె పోయాక పత్రికల్లో నాలుగు మాటలు వచ్చాయి. మన నేల మీద దొరికే ఆకులూ గింజలతో పెద్ద హోటళ్ల స్థాయి వంట చేసి చూపించారని రాశారు. నిజమే. కానీ నేను పదమూడేళ్లు ఆమె దగ్గర వడ్డన చేసినవాణ్ణి. నాకు గుర్తున్న మేడమ్ ఆ నాలుగు మాటల్లో ఇమడరు.

ఆమె చిక్కడపల్లిలోనే పుట్టి పెరిగారు. ఇంట్లో బ్యాంకు పరీక్ష రాయమంటే వినకుండా హోటల్ మేనేజ్‌మెంట్‌లో చేరారు. ఇరవై ఏళ్లు పెద్ద హోటళ్లలో పనిచేశారు. విమానంలో వచ్చిన ఆకులు, విమానంలో వచ్చిన చీజ్, ఎక్కడెక్కడి దేశాల వంటలు. ఒక మధ్యాహ్నం హోటల్ వెనక గేటు దగ్గర, పక్క బిల్డింగు కడుతున్న కూలీ ఆడవాళ్లు మూడు రాళ్ల పొయ్యి మీద ఏదో ఆకు ఉడికిస్తుంటే వాసనకు ఆగారట. వాళ్లు టిఫిను మూతలో ఇంత కూర, జొన్నరొట్టె ముక్క పెట్టారు. నిలబడే తిన్నారు. కొత్తగా పనిలో చేరిన ప్రతివాళ్లకీ ఈ సంగతి చెప్పి, చివర్లో ఒకే మాట అనేవారు: "ఇరవై ఏండ్ల సంది చెఫ్‌ను. కాళ్ల కింద మొలిసిన ఆకు పేరు నాకు తెల్వది. మస్తు సిగ్గనిపించింది."

ఆ తర్వాత ఉద్యోగం మానేసి అశోక్‌నగర్‌లో ఒక పాత ఇల్లు కిరాయికి తీసుకుని ఆరు బల్లలతో హోటల్ తెరిచారు. పేరుకు ఫైన్ డైనింగ్. తెల్లటి పింగాణీ పళ్లేలు, ఇస్త్రీ చేసిన గుడ్డలు. పళ్లెంలో మాత్రం కొర్రలు, సామలు, ఉలవలు, చింతచిగురు, పుంటికూర. మనవైపు తైదలనే పేరుండగా రాగులని మెనూలో రాశాడని ఒక వంటాయన మీద గంటసేపు ఎగిరారు. కోపం అంత తొందరగా వచ్చేది ఆమెకు. పోవడానికి ఒక కప్పు చాయ్ సరిపోయేది.

నేను ఉద్యోగానికి వెళ్లిన రోజు నా సర్టిఫికెట్లు చూడలేదు. "మీ ఇంట్ల వానకాలం ఏం కూర వండుతరు?" అని అడిగారు. మా అమ్మ మహబూబ్‌నగర్ జిల్లా నుంచి వచ్చి, కట్టడం పనుల్లో ఇటుకలు మోసి నన్ను డిగ్రీ దాకా చదివించింది. అడిక్‌మెట్ బస్తీలో మా ఇల్లు. ఆ సంగతి నేను కాలేజీలో ఎవరికీ చెప్పుకోలేదు. అందుకే "పనీర్ మేడమ్" అన్నాను. ఆమె నా ముఖంలోకి ఒక క్షణం చూసి, "సరే, సోమవారం రా" అన్నారు.

మేడమ్ రోజూ ఇంటి నుంచి నడిచే వచ్చేవారు. దారిలో ఖాళీ ప్లాటు కనబడితే చాలు, వంగి ఏదో ఒకటి తెంపేవారు. ఏ ఆకైనా కొంచెం కొరికి, ఎడమ కన్ను మూసి నమిలేవారు. ఒకరోజు నేను వెంట ఉండగా ఒక వాచ్‌మన్ పరుగెత్తుకొచ్చాడు.

"ఏందమ్మా, గడ్డి పీకుతున్రు? ఇంట్ల మేకలున్నయా?"

"మేకలు కాదన్నా, గిరాకీ ఉన్నది" అన్నారు మేడమ్, సంచీ భుజాన వేసుకుంటూ.

నేను చేరిన రెండు నెలలకు వానలు పట్టాయి. మేడమ్ ఖాళీ ప్లాట్లలో మొలిచే తుమ్మి ఆకుతో కూర చేసి, మెనూలో పెట్టేముందు అందరికీ తలా ఒక చెంచా రుచి చూపించారు. వెన్న వేసి మెత్తగా, ఎంతో అందంగా చేశారు. అందరూ బాగుందన్నారు. నా నోరు ఊరుకోలేదు. "మా అమ్మ ఇట్ల చెయ్యదు మేడమ్. ఇండ్ల చేదే లేదు" అనేశాను.

మేడమ్ చెంచా కింద పెట్టారు.

"మీ ఇంట్ల పనీర్ గదా వండేది?"

తల దించుకున్నాను. ఆమె కోప్పడలేదు. "రేపు మీ ఇంటికి వస్త. మీ అమ్మకు చెప్పు" అన్నారు.

అన్నట్టే డబ్బాలో తన కూర పెట్టుకుని వచ్చారు. అమ్మ కంగారుపడి నన్ను కోడికూర తెమ్మని పంపబోయింది.

"కోడి వద్దక్కా. తుమ్మికూర నేర్చుకుందామని వచ్చిన."

"అయ్యో, అదేం కూరమ్మా! మీసొంటోళ్లు తింటరా?" అంటూనే అమ్మ డబ్బాలోంచి కొంచెం నోట్లో వేసుకుంది. "ఉడకబెట్టి నీళ్లు పారబోసినవా?"

"పారబోసిన. చేదుంటది గదా."

"చేదు పారబోస్తే ఇంక తుమ్మి ఏడున్నది అండ్ల?"

తర్వాత అమ్మ లేత చివుళ్లే గిల్లి, చింతపండు, ఎల్లిపాయ వేసి వండింది. దించాక నువ్వుల పొడి చల్లింది. మేడమ్ నేల మీద కూర్చుని, ఎడమ కన్ను మూసి తిన్నారు. సగం తిన్నాక అమ్మ కొంగు నలుపుకుంటూ అడిగింది.

"ఒక మాట చెప్త, ఏమనుకోవు గదా? పంట పోయిన యాడాది గీ ఆకే ఉడకబెట్టుకొని తిన్నం. రొట్టె లేదు, ఉత్త ఆకు. మా చిన్న చెల్లె మింగలేక ఏడ్సేది. గిప్పుడు మీ తాన గొప్పోళ్లు సంబురంగ తింటరంటే నవ్వాల్నో ఏడ్వాల్నో సమజైతలేదు నాకు."

మేడమ్ చేతిలోని రొట్టె ముక్కను పళ్లెంలో పెట్టేశారు. నాకు భూమిలోకి కుంగిపోవాలనిపించింది. చిన్నమ్మ ఏడుపు సంగతి అమ్మ నాకే ఎప్పుడూ చెప్పలేదు.

"అయితే వండొద్దంటవా అక్కా?" అన్నారు మేడమ్. "నువ్వు వద్దంటే వండ."

అమ్మ ఆమె పళ్లెంలో ఇంకొంచెం కూర వేసింది. "వండు. గని వింత కూర అని పెట్టకు. ఎవరు తిన్నరో, ఎందుకు తిన్నరో చెప్పి పెట్టు."

గల్లీ చివర దాకా సాగనంపడానికి వెళ్తే, "విన్నవు గదా, చెప్పాల్సింది నువ్వే" అన్నారు నాతో. నాకు నోరు రాదన్నాను. "అబద్ధం చెప్పనీకి వచ్చింది గదా తమ్మీ. నిజం చెప్పనీకి ఎందుకు రాదు?"

మొదటిసారి చెప్పిన బల్ల నాకు బాగా గుర్తు. భార్యాభర్తలు, ఒక ముసలమ్మ. కూర పెట్టి, ఇది మా అమ్మ నేర్పిన కూర అనీ, కరువులో వాళ్లు దీన్ని రొట్టె లేకుండా తిన్నారనీ చెప్పాను. భర్త చెంచా పక్కన పెట్టేశాడు. "తినేటప్పుడు ఇవన్నీ ఎందుకయ్యా? మూడ్ ఖరాబ్ చేస్తవేంది?"

వంటగది తలుపులోంచి మేడమ్ చేతులు తుడుచుకుంటూ వచ్చారు. "మీకు వేరే కూర పంపిస్త సార్. కానీ ఈయన చెప్పుడు మాత్రం ఆగదు. అది గూడ మా వంటల భాగమే."

ఆయన ఏదో అనబోయేలోపే పక్కనున్న ముసలమ్మ గిన్నె తన వైపు లాక్కుంది. "నాకియ్యి. నేను తిన్న కూరనే ఇది. నీకెన్నడు చెప్పలే బిడ్డా" అంది కొడుకుతో. ఆయన ముఖం వంక నేను చూడలేదు. నీళ్ల జగ్గు పట్టుకుని వంటగదిలోకి వెళ్లిపోయాను. ఆ రాత్రి నుంచి మా అమ్మ ఏం పని చేస్తుందని ఎవరడిగినా దాచలేదు.

మరుసటి నెల అమ్మ ఇటుకల పని మానేసి మేడమ్ వంటగదిలో చేరింది. మేడమ్ ఆమెను అక్కా అని, అమ్మ మేడమ్‌ను చెల్లె అని పిలుచుకునేవారు. ఉప్పు దగ్గర రోజూ గొడవే. "రుచి చూడకుండ జాలి పడొద్దు, రుచి చూడకుండ పొగడొద్దు" అని మేడమ్ మాకు చెప్పే మాట అమ్మకు అస్సలు నచ్చేది కాదు. "నేను వాసన చూస్తే చాలు చెల్లె" అనేది. ఎవరైనా అతిథి సూపర్‌ఫుడ్ అంటే మాత్రం ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకుని నవ్వేవారు, ఆ మాట అర్థం అమ్మకు తెలియకపోయినా.

పెద్ద అవార్డు వచ్చినప్పుడు మేడమ్ ఢిల్లీ వెళ్లి తీసుకొచ్చి, అటక మీద పెట్టేశారు. పెద్ద ఊళ్లలో బ్రాంచీలు పెడదామని వచ్చినవాళ్లను, "అక్కడి ఆకులు నాకు తెల్వవు" అని పంపించేశారు. నేను వద్దనొద్దని బతిమాలాను. ఆ విషయంలో ఆమెదే సరైన మాటని ఇప్పటికీ ఖచ్చితంగా చెప్పలేను. కానీ ఆమె అలాగే ఉండేవారు.

పదో రోజు భోజనం హోటల్లోనే పెడదామని వాళ్ల చెల్లెలు అన్నారు. అమ్మ పొద్దున్నే వచ్చి పొయ్యి దగ్గర కూర్చుంది. రొట్టెలు కొడుతూనే ఉంది. చుట్టాలు తిని వెళ్లిపోయాక పెద్ద వాన పట్టింది. కోచింగు సెంటర్ల నుంచి వస్తున్న పిల్లలు పది మంది దాకా మా వరండాలోకి పరుగెత్తుకొచ్చి, గోడకు ఆనుకుని నిలబడ్డారు. అమ్మ లేచి వెళ్లి వాళ్లను చూసి, "తిన్నరా బిడ్డా?" అని అడిగింది. ఒక పిల్లాడు తల అడ్డంగా ఊపాడు. లోపలికి తిరిగి, "ఆ తెల్ల పళ్లాలు తీయి" అంది నాతో.

వాన చినుకులు మోకాళ్ల మీద పడుతుండగా వాళ్లు రొట్టె, తుమ్మికూర పెట్టిన పళ్లేలతో వరండా అంచున వరుసగా కూర్చున్నారు. చివర కూర్చున్న అమ్మాయి లావుపాటి పుస్తకాన్ని తడవకుండా చంకలో ఇరికించుకుని, ఒంటి చేత్తో రొట్టె తుంపుకోలేక అవస్థ పడుతోంది. అమ్మ ఆమె పక్కన చతికిలబడి, రొట్టెను చిన్న చిన్న ముక్కలుగా తుంపి ఆ పళ్లెంలో వేస్తూ కూర్చుంది.