శనివారం సంచి

పోయిన ఆదివారం భోజనాలయ్యాక మా కోడలు తన ఫోను నా చేతికిచ్చి, పొద్దున గుడి దగ్గర తీసిన ఫొటో సంఘం గ్రూపులో పెట్టారు చూడండి మావయ్యా అంది. చూశాను. వెనక పెద్ద బ్యానరు, దాని మీద దాతల మొహాలు, పేర్లు. ముందు వరసగా నిలబెట్టిన ఏడుగురు ఆడవాళ్ళు, ఒక్కొక్కరి చేతిలో ఒక్కో బియ్యం సంచి. సంచికి ఒక పక్క తీసుకునే ఆమె చెయ్యి, ఇంకో పక్క ఇచ్చే ఆయన చెయ్యి, ఇద్దరూ కెమెరా వైపే చూడాలి, అదీ ఏర్పాటు. ఆ వరసలో చివర, చంకలో ఏడాది బిడ్డను ఎత్తుకున్న ఒక పిల్ల కొంగు మొహానికి అడ్డంగా లాక్కుంది. ఎందుకు దాచుకుందమ్మా అని అడిగితే, “ఎండ కొడతా ఉంటది మావయ్యా” అంది కోడలు. షామియానా కింద ఎండేమిటని నాకు మండిపోయింది గానీ, కోడలు చేసిన తప్పేముంది? ఫోను తిరిగిచ్చేశాను.

ఆ కొంగు అట్లా లాక్కోవడం నేను ఒకసారి చూశాను. యాభై ఏళ్ళు దాటింది. అప్పుడు కొంగు మా ఆవిడది. ఆమె మొహం దాచుకోవాల్సి వచ్చింది నా వల్ల.

నా ఈడు వాళ్ళు, మా పల్నాటి పల్లెల్లో క్రైస్తవ సంఘాల్లో పెరిగిన వాళ్ళు, పిడికెడు బియ్యం సంగతి మరిచిపోయి ఉండరు. ఇంటి ఇల్లాలు ఎసట్లో బియ్యం పోసే ముందు, కడగబోయే బియ్యంలోంచి ఒక పిడికెడు తీసి దేవుడి ముంతలో వేసేది. పూటపూటకూ వేయాల్సిందే, జ్వరంతో మూలుగుతున్నా సరే. శనివారం సాయంత్రం సంఘం తరఫున ఒక పెద్దామె గుడ్డసంచి పట్టుకుని ఇంటింటికీ వచ్చి, తిన్నగా వంటింట్లోకి పోయి ఆ ముంత ఒంపుకొచ్చేది. ఆదివారం ఆరాధనయ్యాక ఆ బియ్యాన్ని వేలం వేస్తే, వచ్చిన దాంతో గుడి దీపాలకు కిరసనాయిలు, పాస్టరు అయ్యగారి ఇంటికి ఉప్పూ పప్పూ జరిగేవి. మా ఊళ్ళో ఆ సంచి పట్టిన ఆమె నాకు మేనత్త వరస. చిన్నప్పుడే భర్త పోయాడు, పిల్లల్లేరు, వాక్యం అంతా నోటికొచ్చు. ఊళ్ళో ఏ ఆడకూతురికి నొప్పులొచ్చినా మంత్రసాని కంటే ముందు ఆమె చేరేది.

నేనప్పుడు మాచర్ల వైపు నాపరాళ్ళ క్వారీలో రాయి కొట్టేవాణ్ణి. బడి మొహం చూడలేదు. గుళ్ళో అందరూ పాడేటప్పుడు పాటల పుస్తకం తెరిచి పట్టుకుని, వినపడే మాటకూ కనపడే అక్షరానికీ జత కలుపుకుంటూ మూడేళ్ళలో చదవడం నేర్చుకున్నాను. నేర్చుకున్నాక మొదట చేసిన పని, క్వారీ గుమాస్తా మా రాళ్ళ కొలతలో అడుగులు తగ్గించి రాస్తున్నాడని పట్టుకోవడం. పదిమంది ముందు ఆ కాయితం చదివి వినిపించిన రోజున నాకు కలిగిన గర్వం ఇంతా అంతా కాదు. ఆ రోజు నుంచీ మూసిపెట్టిన ఏ మూత చూసినా దానికింద మోసం ఉంటుందనీ, అది తెరవాల్సినవాణ్ణి నేనేననీ ఒక నమ్మకం తలకెక్కింది.

ఇంట్లో మాత్రం తెరిచి చూడాల్సిన మూతలు మా ఆవిడ చేతిలో ఉండేవి. ముగ్గురు పిల్లలు, మూడోది చంటిది. ఆ ముగ్గురినీ ఆమె ఏం పెట్టి సాకిందో అప్పుడు నాకు తెలియదు, ఇప్పుడు కొంచెం తెలుసు. ఒక్క గుడ్డు ఉడకేసి దారంతో మూడు ముక్కలు చేసేది, ఒక్క ముక్కా చెదిరేది కాదు. పెద్దపిల్లలిద్దరిలో పచ్చసొన ఎవరికి ఎక్కువ వస్తే ఆ రోజు వాళ్ళు ప్రార్థన చెయ్యాలని పెట్టింది, అందుకని పచ్చసొన కోసం తగాదా ఉండేది కాదు. క్రిస్మసుకి ఒకే తానులో గుడ్డ చింపించి అబ్బాయికి చొక్కా, అమ్మాయికి గౌను, చంటిదానికి జుబ్బా కుట్టించేది. గుళ్ళో ముగ్గురూ ఒకే పువ్వుల గుడ్డలో కూర్చుంటే మా ఇంటి వాళ్ళని దూరం నుంచే తెలిసిపోయేది. గౌను అంచు లోపలికి జానెడు మడిచి కుట్టించి, ఏడాదికి ఒక మడత విప్పేది. విప్పిన చోట రంగు కొత్తగా ఉండేది గనక మా అమ్మాయికి ఎన్నేళ్ళో గౌను చూసి చెప్పొచ్చు అని మా అత్త నవ్వేది.

ఆ ఏడు వానలు ఎడతెరిపి లేకుండా పట్టుకున్నాయి. క్వారీ చెరువైపోయింది. పని ఎప్పుడు మొదలవుతుందో చెప్పేవాడు లేడు. పొలాల్లో బురద వల్ల ఆడవాళ్ళకూ కూలి లేదు. నేను పొద్దున లేచి మబ్బు చూడటం, సాయంత్రం దాకా అరుగు మీద కూర్చుని పొట్లాం కాయితాలు చదవడం. అయినా కంచంలో అన్నం పడుతూనే ఉంది. పలచగా, గంజి ఎక్కువగా, గోంగూర పులుసుతో, అయినా పడుతూనే ఉంది. ఇంట్లో ఉన్న దొడ్డ బియ్యం మహా అయితే పది రోజులకొస్తాయని నా అంచనా. నెల దాటింది.

అప్పుడే నా కళ్ళు కంచం మీద పడ్డాయి. అన్నంలో గింజలన్నీ ఒక రకం కావు. కొన్ని దొడ్డవి, కొన్ని సన్నాలు, అక్కడక్కడా ఒక ఎర్రగింజ. కొన్ని మెత్తగా చితికిపోయాయి, కొన్ని ఇంకా పలుకు మీద ఉన్నాయి. వేలితో ఒక ఎర్రగింజను అంచుకు జరిపి, ఏమే, మనం ఎర్ర బియ్యం ఎప్పుడు కొన్నామని అడిగాను.

“కూడు తినేటప్పుడు గింజల కులం అడుగుతారా ఎవురన్నా?” అంది, చంటిదాన్ని ఒళ్ళో మార్చుకుంటూ. “తిను. చల్లారిపోద్ది.”

ఆ శనివారం మా అత్తకు మోకాలు వాచింది. ఖాళీగా ఉన్నావుగా, సంచి మొయ్యడానికి రా అల్లుడూ అని కబురంపితే వెళ్ళాను. ప్రతి ఇంటి ముందూ నా దగ్గర సంచి అందుకుని లోపలికి పోవడం, తెచ్చి నా భుజాన పెట్టడం, నేను వాకిట్లోనే నిలబడాలి. మా ఇల్లు వచ్చింది. నా ఇల్లే గదా అని గడప ఎక్కబోతే, “నువ్వు ఆడనే ఉండు. ఈ పూట నువ్వు సంచి మోసేటోడివి, ఇంటాయనవి కాదు” అని నవ్వుతూనే ఆపేసింది. సరే, నిలబడ్డాను. ఆమె తెచ్చి భుజాన పెట్టిన సంచి, లోపలికి పోయేటప్పటి కంటే తేలికగా ఉంది.

రాళ్ళు మోసిన భుజానికి బరువు సంగతి ఎవరూ చెప్పక్కర్లేదు. అంతకు ముందు ఒక ఇంట్లో తగ్గినట్టు అనిపించింది, భ్రమేమో అనుకున్నాను. ఆ తర్వాత ఇంకో ఇంట్లోనూ తగ్గింది. మొత్తం మూడిళ్ళు. సంచి మూతి విప్పి చూస్తే దొడ్డ గింజలు, సన్నాలు, ఎర్రగింజలు. నా కంచంలోవీ అవే. నాకంతా తెలిసిపోయింది అనుకున్నాను. దేవుడి బియ్యం దారి మధ్యలో దొంగతనంగా పోతున్నాయి, అందులో నా పెళ్ళానికీ పాలుంది. ఎందుకు పోతున్నాయి, ఎవరికి పోతున్నాయి అని ఒక్క ప్రశ్న వేసుకుని ఉంటే ఇంత దూరం వచ్చేది కాదు. ఆ రోజుల్లో నాకు ఆరా ఎక్కువే గానీ, అది ఎక్కడ ఆగాలో తెలియదు.

ఆదివారం ఆరాధనయింది. గుడ్డ పరిచి సంచి ఒంపారు. వేలం మొదలవబోతుంటే నేను లేచాను. నిన్న సంచి మోసింది నేను, మూడిళ్ళలో బరువు పెరగకపోగా తగ్గింది, దేవుడి సొమ్ము కాబట్టి ఎందుకు తగ్గిందో సంఘం ముందు తేలాలి అన్నాను. గుమాస్తాను పట్టుకున్నప్పటి గొంతే. పెద్దల్లో ఒకాయన, ఏ మూడిళ్ళో చెప్పు అన్నాడు.

చెప్పబోయాను. నోరు తెరిచాను కూడా. ఆడవాళ్ళ వైపు చూస్తే మా ఆవిడ చంటిదాన్ని ఎదకు హత్తుకుని, కొంగు మొహానికి అడ్డంగా లాక్కుంటోంది. ఆమె ఒక్కతే కాదు, ఇంకా ఒకరిద్దరు తలలు దించుకున్నారు. నాకేదో అర్థం కాబోతున్నట్టుంది, ఇంకా కాలేదు.

ఈలోగా మా అత్త మోకాలు పట్టుకుని లేచింది. “ఇళ్ళతో పనేందయ్యా? సంచి నా చేతిలో ఉండె. తీసింది నేను.”

“ఎందుకు తీశావమ్మా?” అని అయ్యగారు అడిగారు.

“ఆకలేసింది, తీశా” అని కూర్చుంది.

అంతే. ఆ రోజు నుంచీ ఆమె చేతికి సంచి లేదు. ఇక మీదట సంచి వద్దు, గంప పెడదాం, ఎవరి ముంత వాళ్ళు బయటికి తెచ్చి వాకిట్లో అందరూ చూస్తుండగా గంపలో పొయ్యాలి అని పెద్దలు తీర్మానించారు. నా అనుమానమే న్యాయమైందని నలుగురు భుజం తట్టారు. మూడు పూటలా తినే ఆ పెద్దలు ఒక ముసలామె దొంగతనం ఒప్పుకుంటే ఎంత తొందరగా నమ్మారో తలుచుకుంటే ఇప్పటికీ నాకు ఒళ్ళు మండుతుంది. నమ్మించింది నేనే, ఆ సంగతీ మరవను.

ఇంటికొచ్చాక మా ఆవిడ కంచం పెట్టింది. తను కూర్చోలేదు.

“తిను. ఇయ్యి ఆ సంచిలోయే” అంది. “నెల నుంచి తింటున్నయ్యి ఇయ్యే. పాలు పడక చంటిది ఏడుస్తా ఉంటే, అత్త మన ముంత ఖాళీగా ఉండటం చూసింది. అడగలా. నేనూ చెప్పలా. సంచిలోయి రెండు దోసిళ్ళు ముంతలో పోసి మూత పెట్టి పోయింది. వారం వారం అట్టనే. సంచి లోపలికి పోద్ది, బయటికి వస్తది. ఎవురు పోశారో ఎవురు తీసుకున్నారో ఈ ఊళ్ళో ఏ మొగోడికీ తెలవదు. మా అమ్మ నాడు కూడా ఇంతే. నువ్వు చదువు నేర్చుకుంటివి, చదివేస్తివి.”

నేను కంచం పిల్లల వైపు జరిపాను.

ఆ తర్వాతి శనివారం గంప వచ్చింది. పక్కింటి వాళ్ళు, ఎదురింటి వాళ్ళు వాకిట్లో నిలబడ్డారు. ముంత ఖాళీ అని అందరికీ తెలుస్తుందని మా ఆవిడ పొద్దున్నే ఎక్కడికో పోయి సోలెడు బియ్యం చేబదులు తెచ్చింది. వాటిని పొయ్యి మీదికి కాకుండా, సాయంత్రం నా కళ్ళ ముందే తీసుకుపోయి గంపలో పోసింది. పిల్లలు ఆ పూట గంజి తాగారు. గంపలో పొయ్యడానికి చేబదులు తెచ్చుకునే ఇళ్ళు మాది కాక ఇంకెన్ని ఉన్నాయో నాకు తెలియదు. తెలిసిన రెండు ఇళ్ళూ ఏవో ఇక్కడ రాయను.

మర్నాడు ఆరాధనయ్యాక మా అత్త దగ్గరికి పోయాను. కాళ్ళు పట్టుకుంటే లాక్కుంది. వచ్చే ఆదివారం గుళ్ళో లేచి ఉన్నది ఉన్నట్టు చెప్పేస్తాను, నీ మీద పడ్డ నింద తీసేస్తాను అన్నాను.

“ఏమని చెప్తావు? నేను తీసి ఎవురికి పోశానో చెప్పకుండా నా నింద ఎట్టా పోద్ది?” అంది. “నా ఒక్కదాని పేరు పోయింది, పోనీలే. మూడిళ్ళ ఆడోళ్ళ పేర్లు తీసుకొచ్చి నాకు అతుకేస్తావా?”

“అబద్ధం అట్టాగే ఉండిపోద్దిగా అత్తా?”

“నువ్వు అబద్ధం చెప్పలేదులే అల్లుడూ. చూసిందే చెప్పావు. చూడకుండా ఉండటం నేర్చుకోలా, అంతే. కూర్చో, టీ తాగి పో.”

అట్లా ఆ మాట నా నోట్లోనే ఉండిపోయింది. ఆమె బతికినన్నాళ్ళూ గుళ్ళో ముందు వరసలోనే కూర్చుంది, వెనక ఎవరేమనుకున్నా తల తిప్పలేదు. ఆ మూడిళ్ళ పెద్దవాళ్ళలో మేమిద్దరమే మిగిలాం గనకా, పేర్లు లేవు గనకా ఇప్పుడు రాస్తున్నాను. ఆమె దొంగ కాదు. ఆలస్యమైంది, అయినా రాస్తున్నాను.

రెండు మూడు నెలలకు, ఇంకా క్వారీ సరిగా మొదలు కాని రోజుల్లోనే, ఒక మధ్యాహ్నం నా కంచంలో మళ్ళీ ఒక ఎర్రగింజ కనపడింది. దాని పక్కన రెండు సన్నాలు. గంప వాకిట్లోనే ఉండేది, సంచి లేదు, అత్త చేతిలో ఏమీ లేదు. మరి ఏ దారిన వచ్చాయి? నీళ్ళ బిందెలోనా, చాకలి మూటలోనా, చంటిదానికని ఎవరో కుట్టిచ్చిన బొంతలోనా? మా ఆవిడ వంక చూశాను. ఆమె నా వంకే చూస్తోంది. నేను తల వంచుకుని ఆ గింజను ముద్దలో కలిపి తిన్నాను. అది ఎట్లా వచ్చిందో ఈ రోజుకీ నాకు తెలియదు. అడగాలని అప్పుడప్పుడూ గొంతు దాకా వస్తుంది, ముసలితనంలోనైనా చెబుతుందేమోనని ఆశ.

ఇప్పుడు నరసరావుపేటలో మా అబ్బాయింట్లో బియ్యం బస్తాల్లో వస్తాయి, అన్నీ ఒకే రకం, ఒకే పొడవు. కరెంటు కుక్కరుతో వచ్చిన గ్లాసుతో కోడలు కొలిచి పోస్తుంది. దేవుడి ముంత లేదు, ఇంటికి వచ్చి అడిగేవాళ్ళూ లేరు. కానుక ఫోనులో పోతుంది, పోయిన వెంటనే పేరూ మొత్తమూ గ్రూపులో వస్తాయి, కింద అందరూ ఆమెన్ అని పెడతారు. ఇచ్చేవాళ్ళు తగ్గలేదు, ఆ మాట నేను ఒప్పుకుంటాను, ఇంకా పెరిగారు. వంటింటి దాకా పోయి మూత ఎత్తి చూసే మనిషే తగ్గింది.

మా ఆవిడ మాత్రం కోడలు గ్లాసుతో కొలిచాక, అందులోంచి ఒక పిడికెడు తీసి పొయ్యి పక్కన ప్లాస్టిక్ డబ్బాలో వేస్తూనే ఉంది. వేళ్ళు వంకరపోయాయి, పిడికిలి మునుపంత నిండడం లేదు. మా ఇంట్లో అంట్లు తోమడానికి ఒక అమ్మాయి వస్తుంది, ఇద్దరు చిన్నపిల్లల తల్లి. శనివారం సాయంత్రం ఆమె వెళ్ళేటప్పుడు వంటింట్లో ఇద్దరూ కాసేపు మాట్లాడుకోవడం వినిపిస్తుంది, ఆ తర్వాత ఆ అమ్మాయి సంచి చంకన పెట్టుకుని హాల్లోంచి, నా ముందు నుంచే బయటికి పోతుంది. వచ్చినప్పటి కంటే ఆ సంచి బరువెక్కిందో లేదో ఒక్కసారి చూడాలని నా రాళ్ళు మోసిన భుజం ఇప్పటికీ నన్ను పీకుతుంది. ఆమె గుమ్మం దాటేదాకా నేను పేపరు కొంచెం పైకెత్తి పట్టుకుంటాను.