చేపల తొట్టి మూతలో రాగి తాంబాళం

మా చిన్నప్పటి ఇంట్లో... చెల్లి మంచం పక్కన ఒక చేపల తొట్టి ఉండేది. కోటబొమ్మాళిలో అప్పటికి అలాంటిది ఇంకెవరింట్లోనూ నేను చూడలేదు.

చెల్లిని వరం అని పిలిచేవాళ్ళం. దానికి తొమ్మిదేళ్ళు, నాకు పదమూడు. కీళ్ళ జ్వరం వచ్చి గుండె దెబ్బతింది... మంచం దిగకూడదన్నారు డాక్టరు. మా నాన్న హైస్కూల్లో సైన్సు మాస్టారు. అది రోజంతా గోడకేసి చూస్తూ పడుకుంటోందని, ఇనుప చట్రానికి లప్పంతో అద్దాలు బిగించి తొట్టి తయారుచేశారు. విశాఖపట్నం నుంచి పాసింజరులో, గాజు సీసా ఒళ్ళో పెట్టుకుని, ఏడు బంగారు చేపలు తెచ్చారు.

కానీ ఆ గది చీకటి. చేపలు సరిగ్గా కనపడేవి కావు. నాన్న దేవదారు చెక్కతో మూత చేసి లోపల రెండు బల్బులు పెట్టారు. సగం వెలుగు చెక్కే మింగేసింది... అదంతా కిందికి పడాలంటే మూత లోపల మెరిసేది ఏదైనా తాపడం చెయ్యాలి. ఏది వెయ్యాలన్నదే వారం రోజుల పాటు మా ఇంట్లో చర్చ.

నేను పాన్ బడ్డీల దగ్గర సిగరెట్ పెట్టెల్లోని వెండి కాగితం ఏరుకొచ్చి అంటించాను. ఆవిరికి రెండో రోజే ఊడి నీళ్ళలో పడింది. కిరోసిన్ డబ్బా రేకు తుప్పు పట్టింది. పగిలిన అద్దం ముక్కల్ని అమ్మ గుమ్మం దాటనివ్వలేదు. నాన్న మనసు తెల్ల ఎనామిల్ రంగు మీద ఉంది. అయితే ఆ వాసన పోయేదాకా మూత పది రోజులు పెరట్లో ఆరాలి... చెల్లికి మళ్ళీ పది రోజుల చీకటి.

అప్పుడు నేనే అన్నాను, నాన్నమ్మ పూజ తాంబాళం ఉంది కదా అని. రాగిది. చింతపండుతో తోమితే మొహం కనపడుతుంది. కంచరి దగ్గర సాగగొట్టిస్తే మూతకు సరిపోతుంది.

నాన్న తటపటాయించారు. ఆవిరి రాగికి పట్టి మళ్ళీ నీళ్ళలోకి కారితే ఏమవుతుందో అన్నారు. నాన్నమ్మకు ఆ మాట రుచించలేదు. రాగి చెంబులో రాత్రంతా నిలిచిన నీళ్ళు తను తాగి, మా అందరి చేతా తాగించిన మనిషి ఆవిడ.

"మనుసులకి మంచిదైన రాగి సేపలకి సెడ్డదవుతాదేటి? నీ సదువు ఇస్కూల్లో సెప్పుకో నాయినా," అంది.

నేనూ వంత పాడాను. ఇద్దరం కలిసి ఆయన నోరు నొక్కేశాం.

బిగించిన రోజు వెలుగు కాచిన నెయ్యి రంగులో దిగింది... చెల్లి దిండుకు ఆనుకుని లేచింది. "అప్పా, సేపలు పసుపు రాసుకున్న పెల్లికూతుల్లాగున్నాయే," అంది. మా వైపు అక్కను అప్ప అంటాం.

ఐదో రోజు ఒక చేప వెల్లకిలా తేలింది. మర్నాడు రెండు. చెల్లి కళ్ళు తెరవగానే వాటిని లెక్కపెట్టేది, దాచడానికి వీల్లేదు... నీళ్ళు మార్చాం. మేత తగ్గించాం. మెరుపు మాసిందని నేను తాంబాళాన్ని మళ్ళీ చింతపండుతో తోమి బిగించాను.

తొమ్మిదో రోజు నాన్న మూత ఎత్తి తిరగేశారు. తాంబాళం అంచు వెంట పచ్చటి చిలుము... దాని కొసన ఒక నీటి బొట్టు. ఆయన ఆ బొట్టును చాలాసేపు చూశారు. తర్వాత తాంబాళం ఊడదీసి పెరట్లో పడేశారు. ఆ సాయంత్రమే చివరి చేప పోయింది.

"అప్పా, ఆ పల్లెం ఎవులు పెట్టమన్నారు?" అని అడిగింది చెల్లి.

"నాన్న," అన్నాను.

నాన్న గుమ్మంలోనే ఉన్నారు. విన్నారు.

ఆ రోజు నుంచి అది నాన్నతో మాట్లాడలేదు. ఆయన మందు పట్టబోతే నోరు తెరిచేది కాదు. ఆయన గ్లాసు నా చేతికిచ్చి గది బయట నిలబడేవారు... పదిహేడు రోజులు. చెప్పేద్దామని రోజూ అనుకునేదాన్ని. గ్లాసు పట్టుకుని దాని ముందుకు వెళ్ళేసరికి మాట వచ్చేది కాదు.

పదిహేడో రోజు దానికి ఊపిరందకపోతే, పెద్దాసుపత్రికని ఎడ్లబండి మీద స్టేషనుకు తీసుకెళ్ళాం. దాని తల నాన్న ఒళ్ళో ఉంది. మొహం మాత్రం అటు తిప్పుకునే ఉంది. నేను బండి వెనక నడిచాను... రైలు రాకముందే అది పోయింది.

తర్వాత ఎవరడిగినా నాన్న "నేనే పెట్టాను" అనేవారు. నన్ను కాపాడటానికి అన్నారో, చదువుకున్నవాడిగా నిజంగానే తప్పు తనదనుకున్నారో... ఆయన బతికున్న మరో ముప్పై ఏళ్ళలో నేను అడగలేదు.

ఇప్పుడు మూత, వెలుగు అన్నీ బిగించిన తొట్టెలే బజారులో దొరుకుతున్నాయి. ఏ రేకు వెయ్యాలా అని ఇంటిల్లిపాదీ కూర్చుని వాదించుకునే పని లేదు...

మీ చిన్నప్పుడు మీ తప్పును తమ మీద వేసుకుని ఊరుకున్న పెద్దవాళ్ళు ఎవరైనా ఉంటే, వాళ్ళ గురించి కింద రాయండి. వాళ్ళింకా బతికే ఉంటే మాత్రం ఇక్కడ రాయకండి... లేచి వెళ్ళి వాళ్ళకే చెప్పండి.